పదకొండో గురువారం

పుట్టిన దగ్గర్నుంచి నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కావాలంటే దుమ్ముగూడెం మండలంలో ఎవర్నైనా అడగండి. పల్లె దవాఖానాలో నర్సుగా చేసే అక్సాను మాత్రం అడగకండి.

నా పేరు ఎల్లస్వామి. మాది మణుగూరు, నాన్నది బొగ్గుబాయిలో పని. నేను జామాయిల్ కర్రల లారీ నడుపుతాను. మూడు నెలల కిందట ఆ దవాఖానా ఉన్న ఊళ్ళో కర్రలు ఎత్తుతుంటే కాలికి ముల్లు దిగి, దవాఖానా మెట్లెక్కాను. అక్సా ట్యాబ్ తీసి, ఖమ్మంలో ఉన్న డాక్టర్ రోజారాణి గారికి వీడియోలో నా పాదం చూపించింది. సిగ్నల్ కిటికీ దగ్గరే దొరుకుతుంది కాబట్టి ఇద్దరం ఆ కిటికీకే అతుక్కుపోయాం. బయట వాన. కాసేపటికి ముల్లు బయటికొచ్చింది. నేను మాత్రం రాలేదు.

అప్పట్నుంచి ప్రతి గురువారం నాకో కొత్త రోగం. తలనొప్పి, పన్ను, మోకాలు, కుడి చెవి, ఎడమ చెవి. లోకంలో ఉన్న రోగాలన్నీ అయిపోయాక సొంతంగా రెండు కనిపెట్టాను.

పదకొండో గురువారం.

“ఇయ్యాల ఏంది?” అంది అక్సా, ట్యాబ్ తుడుస్తూ.

“ఛాతిల నొప్పి మేడం. ఎడమ చెయ్యి కూడా గుంజుతుంది.” ఫోన్లో చదివి బట్టీ పట్టుకొచ్చిన ముక్క.

ఆమె ముఖం పాలిపోయింది. “ఎప్పటి సంది?”

“పొద్దుగాల సంది.”

“గింత నొప్పితోని లారీ నడుపుకుంట వచ్చినవా? పండుకో. ముందు పండుకో!”

నన్ను మంచం మీదికి తోసి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది.

“గంత ఏం లేదు మేడం...”

“మా డాడీ కూడా గట్లనే అన్నడు. గంత ఏం లేదన్నడు. భద్రాచలం దవాఖానా చేరలే.”

లేవబోయాను. భుజం పట్టి మళ్ళీ పడుకోబెట్టింది.

స్క్రీన్ మీద డాక్టరమ్మ నా పాత రికార్డు చదువుతోంది. “పది గురువారాలు, పది రోగాలు. ఒక్క సోమవారం కూడా ఈయనకు ఏమీ కాలేదమ్మా.” కళ్ళజోడు సర్దుకుంది. “అయినా ఛాతి నొప్పి అన్నాక ఊరుకోలేం. వెంటనే భద్రాచలం పంపించు.”

బయట అంబులెన్స్ సిద్ధంగానే ఉంది. అయితే అది నాకోసం రాలేదు. కాన్పు నొప్పులు మొదలైన ఆ ఊరి అమ్మాయి హేమ్లి అందులో ఎక్కి కూర్చుంది. అక్సా పరుగెత్తింది.

“హేమ్లీ, జరంత ఆగుతవా? ఆయనది గుండె. ఇంకో బండి పిలుస్త, గంటల వస్తది.”

“అవ్ సిస్టర్,” అంది హేమ్లి. పెదవి కొరుక్కుంటూ, పొట్ట పట్టుకుని, దిగడానికి కాలు కింద పెట్టింది.

ఎలా లేచానో తెలియదు. వేలికి క్లిప్పుతో, ఉత్త కాళ్ళతో వానలోకి దూకాను.

“దిగకు చెల్లే! నాకేం లేదు! అబద్ధం! అంతా అబద్ధం! డ్రైవరన్నా, పోనియ్!”

అంబులెన్స్ కదిలింది. అది మలుపు తిరిగేదాకా అక్సా కళ్ళు దానిమీదే ఉన్నాయి. తర్వాత నావైపు తిరిగింది.

“గుండె?”

“మంచిగుంది.”

“చెవులు?”

“రెండూ మంచిగున్నయ్.”

“నీ కతలు వినుకుంట ఎంతమంది ముసలోళ్ళను బెంచీ మీద కూసోబెట్టిన్నో ఎరుకనా? రేపు నీకు నిజంగ నొప్పొస్తే ఎట్ల నమ్మాలె నేను?”

ఆమె కళ్ళు వానకు తడిశాయని సర్దిచెప్పుకుందామనుకున్నాను. కానీ వానలో ఉన్నది నేను. ఆమె రేకుల కిందే నిలబడి ఉంది.

“తప్పయింది. రోగం లేకుంటే రానియ్యరనుకున్న. మిమ్మల్ని చూడనీకే వచ్చిన. అన్నిసార్లు.”

ఆమె రేకుల కింది నుంచి చెయ్యి చాపి, నా వేలికున్న క్లిప్పు ఊడదీసుకుంది.

“గీ మాట మా మమ్మీ ముందట చెప్తవా?” అంది. “ఆదివారం చర్చి అయినంక ఇంట్లనే ఉంటది.”

“చెప్త.”

“ఆమె ముందట అబద్ధమాడితే నేను ఊకోను. ఇంకేమన్న ఉంటే ఇప్పుడే చెప్పు.”

తల వంచుకున్నాను.

“ఈ ఊర్ల కర్రలు అయిపోయి రెండు నెలలయింది మేడం. ఇప్పుడు నా లోడు దమ్మపేట నుంచి. అది దించాల్సిన సారపాక కాగితం మిల్లు గేటు దాటేసి, గోదారి బ్రిడ్జి దాటి, లోడుతోనే గీడికొస్తున్న.”

“మీ ఓనరుకు ఎరుకనా?”

“లేదు. ముందుగాల మీకే చెప్తున్న.”