ఓణీల పందిట్లో పెళ్ళి మంత్రాలు

మైకుసెట్లు అద్దెకిచ్చే బుచ్చిరాజు లాంటి ఓర్వలేని మనిషి కోనసీమ మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడు. రెండు వేల ఒకటిలో కొత్తపేటకి మొదటి కార్డ్‌లెస్ మైకు తెచ్చింది అదే వ్యాపారంలో ఉన్న కుర్రాడు శివనాగరాజు. నెల తిరక్కుండా బుచ్చిరాజు అదే రాజమండ్రి కొట్టుకు వెళ్ళి, "నాగరాజుకిచ్చేరే, అచ్చం అలాంటిదే ఇవ్వండి" అని అడిగి మరీ కొనుక్కొచ్చాడు. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ అయితే ఒకరి మైకులో మాట ఇంకొకరి రిసీవర్ పెట్టెలో పలుకుతుందని ఆయనకు తట్టలేదు.

అది ప్రభాకరరావు గారి అమ్మాయి పెళ్ళిలో తేలింది. పగటి ముహూర్తం. పంతులుగారి ముందు నాగరాజు మైకు. కన్యాదానం మంత్రం సగంలో ఉండగా బాక్సులు గరగరలాడి, ఆడపిల్ల గొంతు పలికింది.

"ఐస్‌క్రీం మనిషికొక్కటే అండీ! కొంగులో దాచుకున్నది కూడా లెక్కే!"

పందిరంతా గొల్లుమంది. ప్రభాకరరావు గారు మాత్రం నవ్వలేదు.

"జీలకర్ర బెల్లం వేళకి ఇదే గోలైతే నీ సామాను కాలవలో వేయిస్తాను. మళ్ళీ ఈ చుట్టుపక్కల మైకు కట్టవు, చెప్తున్నా."

నాగరాజు పక్కవీధికి పరుగెత్తాడు. అక్కడ ఓణీల ఫంక్షన్. మైకు పట్టుకున్నది బుచ్చిరాజు కూతురు దుర్గాశ్రీ.

"మీకు బుద్ధుందాండీ? ముందది ఆపండి!"

"మీకుందాండీ? మేం పిల్లకి ఓణీ కప్పబోతుంటే మీ పంతులుగారు కన్యాదానం చేసేస్తున్నారు. వాళ్ళ తాతగారు ఏడుస్తున్నారు, చూడండి!"

నిజంగానే ఓ ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాగరాజుకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా మండింది.

"మీ నాన్నగారు నా కడుపు కొట్టడానికే కొన్నారండి ఇది."

"మా నాన్న సంగతి నాకు చెప్తారేంటండీ? వద్దని మొత్తుకున్నదాన్ని నేను." ఆమె మైకు ఆపేసింది. "మీ ముహూర్తం అయ్యేదాకా ముట్టుకోను. వెళ్ళండి. ఇంకా నిలబడి చూస్తారేంటి?"

తను చూస్తున్నాడని అప్పటిదాకా అతనికే తెలియదు. చెవులు కాలిపోయాయి.

ముహూర్తం సవ్యంగా గడిచింది. భోజనాల వేళ నాగరాజు మైకు ఆపాడు గానీ దాని పెట్టె ఆపలేదు. పక్కవీధిలో దుర్గాశ్రీ పాటల క్యాసెట్టు వేసి పెట్టె ఆపింది గానీ చేతిలో మైకు ఆపలేదు. స్నేహితురాలితో ఆమె అన్న మాట అక్కడ వినబడకుండా ఇక్కడ విస్తళ్ళ మీద మోగింది.

"కోపం ముక్కుమీదుంటే ఏమైందే సౌజన్యా? అండీ అంటూనే తిట్టేడు, చూసేవా? వచ్చి అడిగితే రేపే చేసుకుంటాను. మా నాన్నంటే భయపడి చస్తాడు గానీ!"

పెళ్ళిపిలుపు మీద వచ్చిన బుచ్చిరాజు ఆ బంతిలోనే ఉన్నాడు. పనసపొట్టు ముద్ద నోటి ముందు ఆగిపోయింది.

నాగరాజు చెయ్యి వాల్యూం మీదకు వెళ్ళింది. తగ్గించాల్సిన చెయ్యి ఇంకాస్త పెంచింది. తర్వాత నేరుగా బంతిలోకి నడిచాడు.

"బుచ్చిరాజు గారూ, మీరంటే నాకు ఒళ్ళుమంట. భయం మాత్రం లేదండి. మీ అమ్మాయిని నాకివ్వండి."

"తింటున్న మనిషినా అడిగేది? పెరుగైనా వేసుకోనీవేంటయ్యా?"

"ఇచ్చెయ్యవయ్యా!" అన్నారు ప్రభాకరరావు గారు. "ఊరంతా విన్నాక ఇంకెవరికిస్తావు?"

బుచ్చిరాజు పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా తిని, చెయ్యి కడుక్కుని, "ఆయ్" అన్నాడు.

పెళ్ళికొడుకు తన పెళ్ళికి తానే మైకు కట్టుకుంటే బాగోదన్నారు పెద్దలు. బుచ్చిరాజే కట్టాడు. మూడుముళ్ళు పడ్డాక, తలంబ్రాలైనా దులుపుకోనివ్వకుండా, అల్లుణ్ణి పక్కకు పిలిచి అద్దె పుచ్చుకున్నాడు: పదకొండు వందల యాభై రూపాయలు.