తాళంచెవి తీసినా ఆగని బండి

నార్కట్‌పల్లి దాటినంక మూతపడ్డ డీజిల్ బంకు ఒకటున్నది. పొద్దుగూకినంక ఆడ బండి ఆపొద్దంటరు. ఆగిన బండి పొగల నుంచి నల్లటి మనిషి లేస్తడట... డ్రైవర్లంతా ఆ జాగాకొస్తే హారన్ కొట్టుకుంట ఉరికిస్తరు.

కిరాయి కారు నడిపే ఐలేశం గూడ గట్లనే ఉరికిస్తుండె. ఆయనది పాత డీజిల్ బండి. చలికి మొండికేస్తది, ఎత్తెక్కితే నల్లగ పొగ కక్కుతది.

ఆనాడు తల్లి జానమ్మకు ఆయాసమెక్కువైంది. వెనుక సీట్ల పండవెట్టి నల్లగొండ దవాఖానకు బయలెల్లిండు. చీకటి పడ్డది.

సరిగ్గ బంకు ముందట... ఇంజన్ గొంతు మారింది.

ఎక్సిలేటర్ మీదికెల్లి కాలు తీసిండు. ఐనా బండి గుంజుతనే ఉన్నది. క్లచ్ తొక్కి, బ్రేకేసి, పక్కకు ఆపిండు. ఇంజన్ కీసువెట్టవట్టింది. తాళంచెవి తిప్పిండు — ఆగలే. పీకిండు — ఆగలే!

"కొడుకా... ఆపురా..." జానమ్మ దగ్గుతాంది.

"ఆపిననే... తాళంచెవి నా చేతులనే ఉన్నది!"

తెల్లటి పొగ బండిని మింగింది. ఐలేశం తలుపు తీసి ఉరికిండు. పది అడుగులు ఉరికినంక గని యాదికి రాలే — తల్లి లోపల్నే ఉన్నది.

వెనుకకు మర్లిండు.

బానెట్ కాడ... నెత్తి నుంచి మోకాళ్ల దాక నల్లగ, మొఖమే లేని ఆకారం!

రాయి అందుకొని ఇసిరిండు. తగిలింది. ఆకారం మూలిగింది... కదలలే.

"బానెట్ పిడి గుంజురా, సన్నాసీ! పేలుతది!" ఆకారం ఒర్లింది.

ఐలేశం లోపలికి ఒంగి గుంజిండు. ఆ మనిషి నెత్తిమీది నల్ల గొంగడి తీసి, ఇంజన్‌కు గాలి పోయే గొట్టం ఊడవీకి, దాని మూతిల కుక్కి అదిమిపట్టిండు. ఇంజన్ గురకవెట్టింది... దగ్గింది... చచ్చింది.

ఫోన్ వెలుగుల చూస్తే ముసలాయన. కాటమయ్యనట. ఒకప్పుడు లారీ నడిపిండు, ఇప్పుడు బంకు వెనుక గొర్ల మందతోని ఉంటడు. నుదుటి నుంచి నెత్తురు కారుతాంది.

"ఇంజన్‌కు గాలి తోసే టర్బోల సీల్ పోయింది. డీజిల్ బందైనా ఇంజన్ తన నూనె తనే తాగి ఉరుకుతది. నూనె ఎన్నడు చూసినవ్?"

ఐలేశం తల్లిని దించి గాలికి కూసోవెట్టిండు. అంబులెన్స్‌కు ఫోన్ చేసి దారి చెప్పిండు. జానమ్మకు మెల్లగ ఊపిరి అందింది.

"తప్పయింది తాతా... కొట్టినా పోకుంట మా అమ్మ పానం కాపాడినవ్."

కాటమయ్య ఆయన దిక్కు చూడలే.

"దయ్యమనుకొని మీరేసే రాళ్లు నాకు కొత్త గాదు. మీకోసం రాలే నేను. మంటలేస్తే గొర్లు బెదిరి రోడ్డెక్కుతయ్."