టీ రంగు మరక

ఉదయం 6:20. నాలుగు వేల శవాలు. అన్నీ చేపలే.

చెరువు గట్టు మీద జనం కర్రలతో నిలబడ్డారు. మధ్యలో చేతులకు బేడీలతో బ్యాటరీ మెకానిక్. పక్కన అతని భార్య. చెరువు యజమాని ఆమెకు సొంత అన్న. ఫిర్యాదు ఇచ్చిందీ ఆయనే. చెల్లెలు ఈ మెకానిక్‌ని పెళ్లాడిన రోజు నుంచీ అతని పేరెత్తితే చాలు, ఆయనకు ఒళ్లు మంట.

"రాత్రి వీడే యాసిడ్ పోశాడు. ఇంకా చూస్తారేంటి సార్?" యజమాని అరిచాడు.

ఇన్‌స్పెక్టర్ పీహెచ్ పేపర్ నీళ్లలో ముంచాడు. నాలుగు. ఆమ్లమే.

"చూశారా!" జనం మీదికొచ్చారు. కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"బ్యాటరీ యాసిడ్ ఏ రంగు?" ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌ని అడిగాడు.

"రంగుండదు సార్."

"ఈ నీళ్లు?"

"టీ డికాషన్‌లా ఉన్నాయి."

టెస్ట్‌ట్యూబ్‌లో చెరువు నీళ్లు. బేరియం క్లోరైడ్ నాలుగు చుక్కలు. బ్యాటరీ యాసిడ్ కలిసుంటే తెల్లబడాలి. తెల్లబడలేదు.

"మరి ఆ ఆమ్లం ఆకాశం నుంచి ఊడిపడిందా?" యజమాని కసిరాడు.

"తూము అవతల నుంచి వచ్చింది." ఇన్‌స్పెక్టర్ చిత్తడి అడవి వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ ఆకులూ కొమ్మలూ వేల ఏళ్లుగా నీళ్లలో మునిగి, గాలి తగలక సగమే కుళ్లుతున్నాయి. పీట్ అనే ఆ బురదలోంచి ఆమ్లాలు ఊరతాయి. పడేదేమో వాన నీరు. ఆ పులుపు విరగ్గొట్టే ఖనిజాలు అందులో ఉండవు. అందుకేగా తూము ఎత్తే ముందు మీరంతా కాలువలో సున్నం చల్లేది?"

అందరి చూపూ తూము వైపు తిరిగింది. తూము పక్కనే నాలుగు సున్నం బస్తాలు. కుట్టు కూడా విప్పలేదు.

"తూము తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే," అన్నాడు యజమాని. "కానీ నిన్నటి నుంచి నేను నీళ్లలో కాలు పెట్టలేదు."

"మరి మీ తెల్ల ప్యాంటుకి మోకాలి దాకా ఈ టీ రంగు ఎక్కడిది? అందరూ ఇతని చేతులే చూశారు. మీ కాళ్లు ఎవరూ చూడలేదు."

యజమాని తన ప్యాంటు వైపు చూసుకున్నాడు.

"నీళ్లు తగ్గాయని... తెల్లవారుజామున నాలుగున్నరకి తూము ఎత్తాను. ఒక్కసారి సున్నం లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నా."

"చేతులు కాలాక ఎవరైనా ఆకులు పట్టుకుంటారు. మీరు పక్కవాడి చేతులు కాల్చబోయారు."

కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కానిస్టేబుల్ బేడీలు విప్పాడు.

చెల్లెలు అన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"చేపలు చచ్చాయని నీకు ఏడుపు రాలేదన్నయ్యా. మా ఆయనకి బేడీలేస్తుంటే మాత్రం నవ్వావు. నేను చూశా."

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"తప్పుడు కేసు పెట్టాడని కంప్లైంట్ నేనిస్తాను సార్. పెన్నుందా?"