రిపోర్టులో పడిపోయిన ప్రశ్న

"నీ ప్రోగ్రాం ఊపిరాడక పడుండాదప్పా" అని నయన ఫోనులో కోప్పడటంతో ఈ ప్రేమ మొదలైంది. బెంగళూరులో ఆనాటి పని ముగించుకుని మారికుప్పం రైల్లో వస్తున్న ఆనంద్ ఆ ఫోను ఎత్తాడు. ఆ గొంతు విని రైలు ఊరిగాం స్టేషన్లో ఆగడమే మరిచిపోయింది. నేనూ అందులోనే ఉన్నాను, నమ్మండి.

బేతమంగళ పాల డెయిరీకి ఆ ప్రోగ్రాం రాసింది ఆనందే. అక్కడ పనిచేసే నయన కంప్యూటర్ నల్ల తెరమీద ఒక కమాండు కొడితే, రోజు రిపోర్టు తెరమీదికి రాకుండా నేరుగా ఫైల్లోకి వెళుతుంది. చిక్కల్లా, ముందుగా పాస్‌వర్డ్ అడిగే ప్రశ్న కూడా రిపోర్టుతోపాటు ఆ ఫైల్లోకే పోయేది. తెర ఖాళీ. ప్రోగ్రాం నయన కోసం, నయన ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు.

అడగకపోయినా పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కమన్నాడు ఆనంద్. పనయింది. మరునాడు మళ్లీ ఫోను. ఆపైన రోజూ. పాస్‌వర్డ్ అయ్యాక వాన సంగతి, వానయ్యాక ఆమె వండిన పులుసు సంగతి.

ఆ ప్రశ్న ఒక్కదాన్నే తెరమీదికి మళ్లించడం ఆనంద్‌కు చిటికెలో పని. కానీ అది సరయితే ఫోను ఆగిపోతుంది. అందుకే రేపు చూద్దాంలే అనుకునేవాడు.

ఒకనాడు మాటల్లో పడి రిపోర్టు ఆలస్యమైంది. సెక్రటరీ దొడ్డమునియప్ప నయనను అందరిముందూ మందలించాడు. అది తెలిసి ఆనంద్ మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిచేసి పంపాడు.

ఫోను ఆగింది.

రైల్లో పక్కవాళ్ల ఫోను మోగినా తన జేబు తడుముకునేవాడు. కిటికీ మీద జారే వానచినుకుల్లో ఆమె నవ్వు వెతికేవాడు. అతని నిట్టూర్పులకు ఆ రోజుల్లో రైలు ఇంజన్ లేకుండానే బంగారుపేట దాటేది.

ఉండబట్టలేక ఒక ఆదివారం తడుస్తూ డెయిరీకి వెళ్లాడు. నయన తలెత్తలేదు.

"ఇప్పుడు పాస్‌వర్డ్ తెరమీద అడుగుతుండాదా?" అన్నాడు ఆనంద్.

"అడుగుతుండాది. సరిచెయ్యమని నిన్నెవురు అడిగిరి? నా ఫోనంటే బేజారైందేమో అనుకుంటిని."

"నిన్ను తిట్టినారని చేసినాను నయనా."

"ఆ ప్రశ్న రిపోర్టులో మొదటి లైన్లోనే పడి ఉన్నింది. తొలిరోజే చూసినాను."

"మరి రోజూ ఫోనెందుకు చేస్తివి?"

నయన అతని తడిసిన తల వైపు చూపి, తుడుచుకోమన్నట్టు కొంగు అందించింది.

"మిషనే తెరమీదికొచ్చి అడగడం నేర్చుకునింది. నువ్వెప్పుడప్పా అడిగేది?"

బయట వాన కూడా కాసేపు చెవొగ్గి ఆగింది.

"నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటాను" అంది నయన. "ఇంగ ఫోను చేసే పని లేదులే."