జానెడు మంచి వైరు

ఆ మేడ మూడో అంతస్తులో ఎడమవైపు వాటాలో ఏడాది నిండా ఉన్నవాళ్ళు లేరట. ఒకాయన నాలుగు నెలలకే మూటాముల్లే సర్దుకున్నాడు. ఇంకొకావిడ పదో రోజున తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది. అర్ధరాత్రి వేళ స్నానాలగదిలో ఎవరో చెయ్యి పట్టుకుంటారు... ఆర్పిన దీపం ఆరదు... గోడలో ఎవరో గొణుగుతారు — ఇదీ ఆ వాటాకున్న పేరు.

మన కథలో మనిషి ఇలాంటివి నమ్మే రకం కాదు. అతను ఎలక్ట్రీషియన్. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని టెస్టరనే పిలుస్తారు. దెయ్యాల సంగతెత్తితే నవ్వేవాడు. "పట్టుకున్నది దెయ్యమైతే దండం పెడితే వదుల్తుంది. కరెంటైతే దండం పెట్టడానికి చెయ్యే మిగలదు" అనేవాడు.

అతని చెల్లెలికి ఆ వాటా నచ్చింది. భర్తకి ఓడలో ఉద్యోగం, ఆర్నెల్లకోసారి వస్తాడు. చంకలో మూడు నెలల పాప. అన్నయ్య ఇల్లు పది నిమిషాల దూరం. ఇంకేం కావాలి?

టెస్టరు ముందే వచ్చి చూశాడు — పట్టపగలు. హాల్లో బోర్డు విప్పాడు, వంటింట్లో విప్పాడు. ప్రతి వైరు మీదా కంపెనీ పేరు, పరీక్షల్లో నెగ్గిన సరుకని చెప్పే ముద్ర, అక్షరం చెరగకుండా ఉన్నాయి.

"వైరు మంచిదే. నా మాట మీద దిగు" అన్నాడు.

దిగిన పన్నెండో రాత్రి ఫోను మోగింది.

"అన్నయ్యా..." అవతల చెల్లెలు. "ఎవరో... పట్టుకున్నారు."

"ఎక్కడ?"

"కుళాయి దగ్గర. పాప గుడ్డలు తడుపుదామని చెయ్యి పెట్టాను. పట్టుకుని... వదిలేశారు."

అతను వెళ్ళేసరికి ఆమె పాపని గుండెకి హత్తుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. నాలుగు మెట్ల కింద వాచ్‌మన్ నిలబడ్డాడు — నడుముకి తాళాల గుత్తి, మొహం నిండా 'నేను అప్పుడే చెప్పలేదూ' అన్న తృప్తి.

"మీకు ముందు ముగ్గురు ఎలక్ట్రీషియన్లు చూశారు బాబూ" అన్నాడు గుసగుసగా. "ముగ్గురూ వైరు మంచిదే అన్నారు. వైరు మంచిదైతే మరి... ఇంకేమై ఉంటుంది?"

టెస్టరుకి ముందు వాడి మీదే అనుమానం వచ్చింది. తాళాలన్నీ వాడి దగ్గరే. వాటా ఖాళీగా ఉంటే వాడికేం లాభమో! కానీ కుళాయిలోంచి చెయ్యి పట్టుకోవడం తాళాల గుత్తితో అయ్యే పని కాదు.

"నువ్వు పాపని తీసుకుని మా ఇంటికి వెళ్ళు. వదినకి ఫోను చేశాను" అన్నాడు చెల్లెలితో. "అక్కడ ఏ భయమూ లేదు. మావయ్య చేతి వైరింగది."

మావయ్యంటే టెస్టరుకి పిల్లనిచ్చిన మామ. పని నేర్పిన గురువు కూడా. పోయి రెండేళ్ళయింది. ముద్ర లేని వైరు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలనేవాడు. ఆయనకో అలవాటుండేది. జాయింటుకి నల్లటేపు చుట్టాక, చివరి అంచుని చిన్న చెవిలా మడిచి వదిలేవాడు. "తర్వాత విప్పేవాడి గోరు విరక్కూడదురా" అనేవాడు. అంత ఓపిక ఇంకెవరికీ లేదు. టెస్టరు కూడా నాలుగు రోజులు చేసి మానేశాడు.

చెల్లెల్ని కిరాయి కారెక్కించి, పైకొచ్చి, ఒక్కడే స్నానాలగదిలో నిలబడ్డాడు.

స్విచ్చి ఆపాడు. బల్బు ఆరలేదు. సన్నగా... రెప్పల కిందనుంచి చూస్తున్నట్టు... వెలుగుతూనే ఉంది.

గోడలో ఏదో — సర్... సర్... ఆగింది. మళ్ళీ — సర్...

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అతనికి నవ్వు రాలేదు.

కుళాయికి టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

అప్పుడు వినపడింది, డాబా మీద ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు. రోజూ ఈ వేళకే మోటారు వేస్తారు. పొర్లిన నీళ్ళు సర్‌మంటూ ఈ గోడలోకి దిగుతాయి, పొద్దుటికి ఆరిపోతాయి. అందుకే దెయ్యానికి పగలు సెలవు! సగం భయం అక్కడే దిగిపోయింది.

మిగతా సగం దిగలేదు. గోడ ఎంత తడిసినా, మంచి వైరు పైతొడుగు దాటి కరెంటు బయటికి రాకూడదు.

మెయిన్ ఆపేశాడు. టార్చి నోట కరుచుకుని బోర్డు విప్పాడు. అదే కంపెనీ, అదే ముద్ర. ఇంతవరకూ అందరూ చూశారు, తనూ చూశాడు. ఈసారి పట్టుకుని లాగాడు.

జానెడు వచ్చి... ఆగింది.

గట్టిగా గుంజాడు. పైపు నోట్లోంచి నల్లటి ముడి ఒకటి బయటపడింది. ముడికి అవతల వేరే వైరు — పేరు లేదు, ముద్ర లేదు. వేలితో వంచితే పైతొడుగు పొట్టులా రాలింది. రాగి రంగు తీగని చాకుతో గీరితే లోపల తెల్లటి అల్యూమినియం. ముక్క కోసి అగ్గిపుల్ల చూపించాడు. మంచి వైరైతే పుల్ల తీయగానే ఆరిపోవాలి. ఇది ఒత్తిలా కాలుతూనే ఉంది.

పైన పటారం, లోన లొటారం. విప్పి చూసేవాళ్ళ కంటికి ఆనేంత మేర జానెడు మంచి వైరు, గోడ లోపలంతా చెత్త. ఈ గోడ పక్కనే పన్నెండు రాత్రులు పసిగుడ్డు పడుకుంది — తన మాట మీద. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవడు వాడు? ఏ దరిద్రుడి పని ఇది?

చూద్దామని ముడిని టార్చి దగ్గరికి తెచ్చాడు.

గోటికి ఏదో తగిలింది. టేపు అంచు... చిన్న చెవిలా మడిచి ఉంది.

'కాదు' అనుకున్నాడు. ఎవరో ఆయన పని చూసి నేర్చుకుని ఉంటారు. హాల్లో బోర్డు విప్పి లాగాడు. ముడి. చెవి. వంటింట్లో లాగాడు. ముడి... చెవి.

అప్పుడు గుర్తొచ్చింది, చెల్లెలితో తనన్న మాట — అక్కడ ఏ భయమూ లేదు.

మెట్ల మీద పరిగెడుతుంటే వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "కనపడిందా బాబూ?"

"కనపడింది."

"ఎవరు?"

వాణ్ణి పక్కకి నెట్టి పరిగెత్తాడు.

ఇంట్లో అంతా నిశ్శబ్దం. భార్య తలుపు తీసి, "ఇద్దరూ ఇప్పుడే నిద్రపోయారు" అంది. మంచం మీద చెల్లెలు, గోడవైపు పాప, గుప్పిట బిగించుకుని హాయిగా.

పెళ్ళికి మావయ్య దగ్గరుండి కట్టించి ఇచ్చిన ఇల్లది. ఎనిమిదేళ్ళలో టెస్టరు ఊరందరి బోర్డులూ విప్పాడు గానీ, ఈ ఇంట్లో ఒక్కటీ విప్పలేదు. విప్పితే గురువుని అనుమానించినట్టే కదా. అయినా సొంత కూతురి ఇంటికి ఎవరైనా అలా చేస్తారా? చెయ్యరు.

స్విచ్చి ఆపాడు. బల్బు పూర్తిగా ఆరిపోయింది. 'అమ్మయ్య' అనుకున్నాడు.

కానీ చెయ్యి ఊరుకోలేదు. మెయిన్ ఆపేసి, చీకట్లోనే తడుముకుంటూ బోర్డు విప్పి, వైరు పట్టుకుని లాగాడు. జానెడు వచ్చింది. ఇంకాస్త... ఇంకాస్త వచ్చింది. గుండె కుదుటపడుతోంది...

ఆగింది.

వేళ్ళు పైపు నోటిదాకా వెళ్ళాయి. గోటికి తగిలింది.

ఫ్యాను ఆగిన ఉక్కకి పాప ఏడుపందుకుంది. వెనకనుంచి భార్య గొంతు, భయంభయంగా —

"చీకట్లో ఏం చేస్తున్నారండీ? ఎవరున్నారక్కడ?"

టెస్టరు ఆ చెవిని వదల్లేదు.

"ముందు పాపని ఆ గోడ దగ్గర్నుంచి తియ్యి" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు —

"మీ నాన్న."