ఒక్క మెరుపు కోసం

“రేపు తెల్లవారితే మీ తమ్ముడికి ఉరి,” అన్నాడు చీఫ్. “ఈ రాత్రి ఫోటో తెస్తేనే ఆపగలను.”

ఏజెంట్ జయరామప్ప ఆయన బల్ల మీదికి వంగాడు. అది 1943, యుద్ధకాలం. బెంగళూరు శివార్లలోని ఆయుధాల ఫ్యాక్టరీలో నక్షాలు దొంగిలించాడని అతని తమ్ముడు, గుమస్తా మునిస్వామిని పట్టుకున్నారు. అసలు దొంగ సూపర్‌వైజర్ గోపాలప్ప. కానీ తమ్ముడి కోసం అన్న చెప్పే సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

చీఫ్ పథకం చెప్పాడు. “హొసకోటె దారిలో చోళుల కాలపు గుడి. నక్షాలు అక్కడే చేతులు మారతాయి. అవి నకిలీవి, మనమే మార్చాం. అరెస్టు చేస్తే ముఠా జారిపోతుంది. ఫోటో చాలు. వానరాత్రి కాబట్టి ఫ్లాష్ వెలిగినా మెరుపనుకుంటారు. వాళ్ళతో వచ్చే సుశీల మన మనిషే. కోడ్: దేవుడు కన్ను తెరిచాడు. అంటే కెమెరా షట్టర్ తెరిచి ఉందని, ఇక ఏ వెలుగు పడినా ఫోటో వస్తుందని.”

రాత్రి గుడిలో జయరామప్ప పూజారి వేషంలో ఉన్నాడు. కెమెరా పూలబుట్టలో ఉంది. తడుస్తూ గోపాలప్ప వచ్చాడు. వెనకే గడియారాల వ్యాపారినని చెప్పుకునే విదేశీ గూఢచారి వెబర్, అతని చేయి పట్టుకుని పట్టుచీరలో సుశీల.

“అమ్మా, దేవుడు కన్ను తెరిచినాడు,” అన్నాడు జయరామప్ప.

సుశీల నవ్వుతూ ఇద్దరినీ గర్భగుడి గడప ముందుకు జరిపింది. గోపాలప్ప కవరు తీశాడు. జయరామప్ప పంచెలో దాచిన స్విచ్ నొక్కాడు.

ఫ్లాష్ వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. గుడి కప్పు నుంచి కారిన నీళ్ళు బ్యాటరీని తడిపేశాయి. ఇందాకటిదాకా వద్దన్నా మెరిసిన ఆకాశం ఇప్పుడు మొండికేసింది. ఒక్క మెరుపు, ఒక్కటంటే ఒక్కటి! తమ్ముడి మెడ గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చింది.

కవరు వెబర్ చేతికి చేరింది. ఇక వెళ్ళిపోతారు.

జయరామప్ప చేతికందిన కర్పూరమంతా పళ్ళెంలో పోసి అంటించాడు.

“నో లైట్!” వెబర్ పిస్టల్ తీశాడు.

సుశీల అతని మణికట్టు పట్టుకుంది. “డార్లింగ్, హారతి ఆర్పితే గోపాలప్ప మళ్ళీ నీ ముఖం చూడడు.”

గోపాలప్ప అప్పటికే కళ్ళు మూసుకుని, మంట ముందు ముఖం వంచి, చేతులు జోడించి కదలకుండా నిలబడ్డాడు. దేశాన్ని అమ్ముకున్నవాడు హారతిని మాత్రం కాదనలేకపోయాడు. పక్కనే కవరుతో వెబర్. కర్పూరం ఆరేదాకా జయరామప్ప మంత్రాలు చదివాడు. రానిచోట కల్పించి చదివాడు.

తెల్లవారుజామున తడి ఫోటో చీఫ్ బల్ల మీద పడింది. ఆయన జైలుకు ఫోను చేసేసరికి మునిస్వామి ముఖానికి ముసుగు తొడిగారు.

“ఆపండి!”

జైలు గేటు దగ్గర మునిస్వామి, పూజారి వేషం కోసం అన్న గీయించుకున్న గుండు తడిమి చూశాడు. “నాకోసం ఏ దేవునికి మొక్కుకొంటివన్నా?”

“నేను మొక్కలేదురా,” అన్నాడు జయరామప్ప. “గోపాలప్ప చేత మొక్కిచ్చినా.”