నలభైమందికీ ఒకటే అంకె

అంకమ్మరావు రాజమండ్రిలో ట్రైనింగు ముగించుకుని బెజవాడ వచ్చేటప్పుడు రెండు తెచ్చుకున్నాడు. ఒకటి సర్టిఫికెట్టు, రెండోది సగటు అనే జబ్బు. సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పడి ఉండేది. జబ్బును మాత్రం కనపడ్డవాళ్ళందరికీ అంటించాలని చూసేవాడు. తను రోజుకు సగటున ఎన్ని ఇడ్లీలు తింటున్నాడో హోటల్లో పక్కవాడికి చెప్పేవాడు. పక్కవాడు అడిగేవాడు కాదు.

యుద్ధం రోజులు. ఏలూరు కాలవ పక్కన ఒక ప్రైవేటు హైస్కూల్లో నాలుగో ఫారం ఎ సెక్షనుకు అతను లెక్కల మాస్టారు. బి సెక్షనుకు ఛాయాదేవి. ఇద్దరివీ టెంపరరీ ఉద్యోగాలే. ఉన్నది ఒక్క పర్మనెంటు పోస్టు. క్వార్టర్లీ పరీక్షలో ఏ సెక్షను సగటు ఎక్కువొస్తే ఆ టీచరుకే పోస్టని కరస్పాండెంటు వెంకటప్పయ్యగారు ప్రకటించారు. ఆయనకు బియ్యం మిల్లుంది. అందుచేత చదువు గురించి కూడా తెలుసని ఆయన నమ్మకం.

ఒక సెక్షను పేపర్లు ఇంకో సెక్షను టీచరు దిద్దాలి. దిద్దడం అయ్యాక అంకమ్మరావు నోటీసు బోర్డు మీద మార్కుల జాబితా అంటించి, కింద సగట్లు రాశాడు. ఎ సెక్షను సగటు నలభై రెండు, నల్ల సిరాతో. బి సెక్షను సగటు ముప్ఫై మూడు, ఎర్ర సిరాతో.

ఛాయాదేవి తడిసిన గొడుగు దులుపుకుంటూ వచ్చి చదివింది. ఆ నీళ్ళు అతని ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. కావాలనే పడ్డాయి.

"మాకు ఎర్ర సిరా ఎందుకండీ మాస్టారూ?"

"ప్రమాదంలో ఉన్నదాన్ని ఎర్రగా చూపిస్తారండీ. సైంటిఫిక్ మెథడ్."

"ప్రమాదం ఎవరికి? పిల్లలకా, నాకా?"

"సగటున ఇద్దరికీనండీ," అన్నాడు. ఇది చమత్కారమనుకుని నవ్వాడు కూడా.

ఆమె నవ్వలేదు. "మా క్లాసులో ముప్ఫై మూడు మార్కులొచ్చిన పిల్లాడు ఒక్కడున్నాడా? చూపించండి."

అంకమ్మరావు జాబితా పైనుంచి కిందికి చూశాడు. ఒక్కడూ లేడు.

"అంటే నలభైమందికీ ఒకటే అంకె కట్టారు, అది ఒక్కడిదీ కాదన్నమాట. పోనీ, ఈ పదిమందికీ సున్నలెందుకు?"

"పరీక్షకు రాలేదుగా. రానివాళ్ళకు సున్న వెయ్యడం కరస్పాండెంటుగారి రూలు."

"మిల్లుకు రాని కూలీకి వేస్తారు ఆ సున్న. ఎందుకు రాలేదో కనుక్కున్నారా?"

"అది లెక్కల్లోకి రాదండీ."

"మీకు చాలా సంగతులు లెక్కల్లోకి రావులెండి. రేపు వాన లేకపోతే పొద్దున్నే మగ్గాల వీధికి రండి. ఏడుకొండలుగారి ఇల్లంటే చెబుతారు. మా నాన్న."

వాన లేదు. అంకమ్మరావు తలకు ఇంత ఆముదం పట్టించి, ఎందుకైనా మంచిదని గొడుగు చంకన పెట్టుకుని, మబ్బుల్ని చూస్తూ నడిచాడు. కింద చూసి నడిచే అలవాటు అతనికి లేదు.

మగ్గాల వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గుంజలు పాతి, వాటి మీద పడుగు సాగదీశారు. వేలాది నూలుపోగులు తడి గంజితో మెరుస్తున్నాయి. మగవాళ్ళు కుంచెలతో దువ్వుతుంటే, ఆడవాళ్ళు తెగిన పోగులు అతుకుతున్నారు. గుంజ గుంజ దగ్గరా పిల్లలు పడుగు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని అంకమ్మరావు గుర్తుపట్టలేదు. అతను సున్నలు వేసిన పిల్లలు వాళ్ళే.

గొడుగు కొన పడుగులో దిగింది. పది పోగులు టపటపా తెగాయి.

"ఎవడ్రా అది! కళ్ళు నెత్తికెక్కాయా?" ఏడుకొండలు కుంచె పట్టుకునే వచ్చాడు. చొక్కా చూసి కాస్త తగ్గాడు. "ఎవరి తాలూకు బాబూ మీరు?"

అంకమ్మరావు తండ్రి పేరు, వన్‌టౌన్లో బట్టల కొట్టు పేరు చెప్పాడు.

"మనవాళ్ళేనా! మీ తాత మగ్గం గుంటలో కూర్చుని నేసినవాడేగదయ్యా! ఆయన మనవడివై ఉండి పడుగులో గొడుగు దించావా?"

ఛాయాదేవి తెగిన పోగులు అతుకుతూ తలెత్తలేదు. కానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలిసి అంకమ్మరావు చెవులు కందిపోయాయి. ఆ నవ్వు తన మీదేనని తెలిసినా ఇంకాసేపు నవ్వితే బాగుండుననిపించింది. మగవాడి బుద్ధి అలా చెడడం మొదలవుతుంది.

"వారం రోజుల వాన తర్వాత పరీక్షనాడే ఎండ కాసింది మాస్టారూ," అందామె. "యుద్ధం మూలంగా నూలు దొరక్క మూడు నెలలు మగ్గాలన్నీ ఖాళీ. దొరికిన కాస్త నూలూ గంజి పట్టించాక ఆరకపోతే కుళ్ళిపోతుంది. ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి. మా ఇంట్లో నా జీతంతో పొయ్యి వెలుగుతోంది కనక ఆవేళ నేను బడికొచ్చాను. వీళ్ళకి ఆ జీతం కూడా లేదు."

ఆ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో ఏమవుతుందో అతనికి అప్పుడు అర్థమైంది. తనకు పోతే కొట్లో కూర్చుంటాడు, అంతే.

మర్నాడు స్టాఫ్‌రూముకు గర్వంగా వచ్చాడు. "పదిమందినీ తీసేసి కట్టానండీ. రాసిన ముప్ఫైమందికీ కలిపి పదమూడు వందల ఇరవై. మీ సగటు నలభై నాలుగు! మా సెక్షను కంటే రెండెక్కువ. పోస్టు మీదే."

"తీసేశారా?" ఛాయాదేవి మొహం ఎర్రబడింది. "మొన్న సున్నలేశారు. ఇవాళ అసలు పుట్టనే లేదన్నారు. రెంట్లో ఏది నయమంటారు?"

"మీరు గెలుస్తారని..."

"నా పిల్లలు నలభైమంది. పదిమందిని పారేసి వచ్చే పోస్టు నాకెందుకు? వాళ్ళచేత పరీక్ష రాయించండి. ఎంతొస్తే అంత."

ఓడిపోతానేమోనన్న భయం ఆమె గొంతులో వినిపించింది. అయినా మాట మార్చుకోలేదు. అంకమ్మరావు ఆ క్షణాన పూర్తిగా పడిపోయాడు. ప్రేమలో పడ్డవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. కరస్పాండెంటుగారిని బతిమాలి పదిమందికీ కొత్త పేపరిచ్చి, దిద్దేటప్పుడు చెయ్యి జార్చాడు.

ఛాయాదేవి పేపర్లు తిరగేసింది. "మాణిక్యం ఈ వడ్డీ లెక్క తప్పు చేశాడు. పది మార్కులెందుకిచ్చారు?"

"దస్తూరీ బాగుందండీ."

"మీ దానధర్మాలు సత్రంలో చెయ్యండి." ఆమె పది మార్కులూ కొట్టేసి, తనే మొత్తం కట్టింది. పదహారు వందల ఎనభై. నలభైతో భాగిస్తే సరిగ్గా నలభై రెండు.

రెండు సెక్షన్లకూ ఒకే సగటు. మాణిక్యానికి పది మార్కులు ఉంచేసి ఉంటే ఆమె గెలిచేది. అది ఇద్దరికీ తెలుసు.

వెంకటప్పయ్యగారు రెండు కాగితాలూ అటూ ఇటూ తిప్పి విసుక్కున్నారు. "ఇద్దరికీ ఒకటేనా? మరి ఎందుకయ్యా ఈ సగట్లు! పోస్టు అబ్బాయికిద్దాం. ఆడపిల్ల రేపోమాపో పెళ్ళి చేసుకుని అత్తారింటికి పోతుంది."

"పోరండీ!" అన్నాడు అంకమ్మరావు. "పెళ్ళికొడుకుది బెజవాడేనండీ."

"ఎవరయ్యా?"

"నేనండీ. ఆవిడ ఒప్పుకుంటే."

ఛాయాదేవి కుర్చీలోంచి లేచింది. "నా పెళ్ళికీ నా పోస్టుకూ ముడిపెట్టడానికి మీరెవరండీ? ఈయన భార్యనవుతానని ఇచ్చే ఉద్యోగం నాకక్కర్లేదు. ఇవ్వదల్చుకుంటే నా పనిచూసి ఇవ్వండి. లేకపోతే మానెయ్యండి."

తెలివిగా చేశాననుకున్న ప్రతిసారీ తను ఈమెను అవమానించాడని అంకమ్మరావుకు తెలిసింది. కాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసి ఆయన ముందు పెట్టాడు.

"నా రాజీనామా అండీ. ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ నన్ను చేసుకోనన్నా ఇది ఇలాగే ఉంటుంది. గన్నవరంలో ఇంకో స్కూల్లో ఖాళీ ఉందట, అక్కడ అడుగుతాను. ఆవిడకు నలభై ఇళ్ళూ తెలుసండీ. నా ముప్ఫైఅయిదుగురిలో ఒక్కడి ఇల్లు కూడా నాకు తెలీదు. పోస్టు ఆవిడకు రావడం న్యాయం."

వెంకటప్పయ్యగారికి మిగిలింది ఒక్క మనిషి. లెక్క తేలికైపోయినందుకు సంతోషించి సంతకం పెట్టారు.

బయట వాన మొదలైంది. అంకమ్మరావు వరండాలోంచి దిగబోతుంటే వెనక నుంచి పిలుపు వచ్చింది.

"గన్నవరం నుంచి ఆదివారాలు బస్సుంటుందా మాస్టారూ?"

"ఉంటుందండీ. సగటున..." అని ఆగిపోయాడు. "ఉంటుందండీ."

"అయితే ఈ ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్ననడగండి. ఆయన తిడతారు, పడండి. నేను మాత్రం ఒప్పుకున్నట్టే."

అతను నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అంకెలు చెప్పి ఆయన్ని చంపకండి. మీకు ఎప్పుడూ మంద గురించే మాట్లాడటం అలవాటు. అక్కడ ఒక్కదాని గురించి మాట్లాడండి."